చల్లగాలి గొట్టం

కారుకు చల్లగాలి కావాలట. మా ఆయన నోట ఆ మాట విన్న పూటే నాకు అనుమానం పుట్టింది.

అన్నం తింటూ చెప్పాడు. అదీ నా మొహంలోకి చూడకుండా, పప్పుగిన్నెతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "బానెట్ కింద గాలి వేడైపోతుందే. ఇంజన్‌కు దమ్ము అందుతలేదు. బయటికెల్లి సల్లగాలి గుంజుకొచ్చే పైపు వస్తది, గది పెట్టిస్తే బండి మంచిగ ఉరుకుతది" అన్నాడు. ఇంట్లో ఫ్యాను రెక్క వంగి టకటకా కొట్టుకుంటుంటే ఎండాకాలమంతా పట్టించుకోని మనిషి, కారుకు ఉక్కపోస్తోందని బెంగపడితే నేనెట్లా నమ్ముతాను?

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాను.

"అందరు చెప్తుండ్రు."

"అందరంటే ఎవరు?"

"నీకు ఏది చెప్పినా పోలీసోని లెక్క అడుగుతవ్" అని కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. పెరుగు కూడా వేసుకోలేదు. పెరుగు వేసుకోకుండా లేచాడంటే ఏదో దాస్తున్నాడని పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాను.

నాకు అనుమానం ఎక్కువని మా వాడంతా అంటుంది. అననీ. పసుపుకొమ్ములు కొని, పొడి పట్టించి, ఇంటింటికీ అమ్మి బతికిన మనిషిని నేను. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కుప్ప పైన ఒక రకం ఉంటుంది, అడుగున ఇంకో రకం ఉంటుంది. చెయ్యి మోచేతిదాకా కుప్పలో దూర్చి, అడుగు కొమ్ము తీసి, విరిచి, ముక్క నోట్లో వేసుకోకుండా ఏనాడూ సరుకు కొనలేదు. గిర్నీలో నా పసుపు పట్టేముందు ఎవరి పిండి పట్టారో అడిగి, రాయి ఊడ్పించి, దగ్గర నిలబడేదాన్ని. అట్లా నిలబడీ నిలబడీ ఈ గుణం వచ్చింది. పాలవాడి కొలతనూ, కిరాణా తక్కెడనూ, చివరికి మా అత్తమ్మ కడుపునొప్పినీ చెప్పింది చెప్పినట్టు ఒప్పుకోలేను.

ఆ కారు గురించి చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సెకండ్‌హ్యాండులో కొన్న తెల్ల డీజిల్ కారు. డిక్కీ మీద ఎర్రక్షరాలతో టర్బో అని ఉండేది. మా ఆయన దాన్ని కిరాయికి తిప్పేవాడు. బోధన్‌కు, నవీపేటకు, పెళ్లిళ్లకు, దవాఖానాలకు, చెరుకు సీజన్లో తోటలు చూసుకోవడానికి వచ్చే పెద్దమనుషులకు. వాళ్లు ఎక్కితే సీట్ల మీద తెల్లతువ్వాళ్లు పరిచేవాడు, మా ఇంట్లో చుట్టాలొస్తే కూడా అంత మర్యాద ఉండేది కాదు.

ఆ కారు సరదాకు కొన్నది కాదు. మా వాడలో ఇంటికొకరు దుబాయో, మస్కటో పోయారు. మా ఆయనా పాస్‌పోర్టు తీయించుకుని కూర్చున్నాడు. నేను పోనివ్వలేదు. నా మొండితనానికి కారణం మా బాపు. నేను నడక నేర్వకముందే ఆయన మస్కట్ పోయాడు. ఎనభైల్లో మాలాంటి ఇళ్లకు ఫోన్లు ఎక్కడివి? సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ టేప్‌రికార్డర్‌ను నడింట్లో పీట మీద పెట్టి మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టేది. బాపు అందులో ముందు దగ్గేవాడు, తర్వాత ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరించేవాడు. నా పేరు వచ్చినప్పుడు నేను ఆ డబ్బాకు ముద్దు పెట్టేదాన్నట. తీరా బాపు ఇంటికొచ్చిన రోజు అవ్వ కొంగు వెనక దూరి ఏడ్చాను. గొంతు ఆయనదే, మనిషి మాత్రం నాకు కొత్త. ఆయనకు నన్ను ఎత్తుకోవడం రాలేదు, నాకు ఆయన దగ్గరికి పోవడం రాలేదు. ఆ రానితనం ఆయన పోయేదాకా మా మధ్య ఉండిపోయింది.

నా బిడ్డకు క్యాసెట్ తండ్రి వద్దనుకున్నాను. ఆ మాటే మా ఆయనతో అన్నాను. చాలా రోజులు అలిగి, అరుచుకుని, చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. ఉన్నదంతా ఊడ్చి, నా బంగారు గాజులు కూడా అమ్మి కారు కొనాలి, కారు నడిచినన్నాళ్లూ ఆయన దేశం దాటొద్దు. అందుకే ఆ ఇంజన్ కొద్దిగా తడబడితే ఆయనకంటే ముందు నాకు గుబులు పుట్టేది. అది మంచిగా నడిస్తే నా బిడ్డ పక్కన తండ్రి ఉంటాడు. అది ఆగితే ఆయన విమానం ఎక్కుతాడు.

ఇప్పుడు చెప్పండి, నడుస్తున్న ఇంజన్ ముక్కు కోసి కొత్త ముక్కు పెడతానంటే నేను ఊరుకుంటానా?

ముందు మామూలు అనుమానమే వచ్చింది. చొక్కా వాసన చూశాను. డీజిల్, చెమట, కొద్దిగా పాన్. ఆడమనిషి గొడవ కాదని తేలింది. తర్వాత, ఆ పైపులమ్మే దుకాణంవాడు కమీషన్ ఆశ చూపించాడా అనుకున్నాను. బోధన్ రోడ్డు మీద మా మిస్త్రి షెడ్డు ఉండేది. కారు కొన్నప్పటినుంచీ రిపేర్లన్నీ ఆయనే చూసేవాడు. ఒకరోజు పసుపుపొడి ఇచ్చే నెపంతో అక్కడికి పోయాను.

"మిస్త్రన్నా, ఈ సల్లగాలి కథ ఏంది?" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుని బానెట్ ఎత్తి చూపించాడు. మామూలు ఇంజన్ తనకు చేతనైనంత గాలి పీల్చుకుంటుందట. టర్బో ఉన్నదానికి ఒక చిన్న చక్రం ఉంటుందట. పొగ బయటికి పోయే జోరుకు అది గిర్రున తిరిగి, బయటిగాలిని ఇంజన్లోకి బలవంతంగా నూకుతుందట. గాలి ఎంత చల్లగా ఉంటే అంత చిక్కగా ఉంటుందని, చిక్కటిగాలి అందితే బండికి బలమని చెప్పాడు.

"మరి మంచిదే గదా?" అన్నాను.

"మంచిదే వదినా. కని గాలి ఒక్కటే రాదు. దుమ్ము గూడ అస్తది. ఆ చక్రం గింతంత ఉంటది, దాని జోరు చూస్తే కండ్లు తిరుగుతయ్. ఇసుక రేణువు దానికి రాయి లెక్క తాకుతది. పైపు కన్న పైపు మూతికి ఏం కడుతున్నమో గది చూడాలె."

గొట్టం సంగతి కాదు, జల్లెడ సంగతి అన్నమాట. జల్లెడ దగ్గర నన్ను మోసం చేయడం కష్టం. కొంచెం ధైర్యం వచ్చింది.

వారం తిరక్కుండా మా ఆయనతో కలిసి దుకాణానికి పోయాను. నేను వస్తాననగానే ఆయన మొహం మాడింది. "ఆడోళ్లకేం పని ఆడ" అన్నాడు. "కారులో నా గాజులున్నయ్, అదే పని" అన్నాను.

నిజామాబాద్ బస్టాండు నుంచి కొంచెం దూరంలో, సీటుకవర్లూ హారన్లూ వేలాడదీసిన దుకాణం అది. దుకాణదారు మమ్మల్ని చూసి చాయ్ చెప్పాడు. చాయ్ చెప్పినవాడు ఏదో అంటగడతాడని నా లెక్క. గల్లా మీద మూడు రకాలు పెట్టాడు. మొదటిది అద్దంలా మెరిసే అల్యూమినియం గొట్టం, దాని చివర ఎర్రటి జాలీతో టోపీలాంటి ఫిల్టర్. రెండోది నల్ల ప్లాస్టిక్ గొట్టం, మూతికి స్పాంజి. మూడోది గొట్టమే కాదు. కారుతో వచ్చిన నల్లడబ్బాలో పెట్టుకునే కాగితం ఫిల్టర్, చేతి విసనకర్రలా మడతలు మడతలుగా ఉంది. మూడోదాన్ని ఆయన మర్యాదకు పెట్టినట్టు ఒక మూలకు నెట్టాడు.

"ఇది ఫారిన్ మాల్ అక్కా" అన్నాడు మెరిసేదాన్ని నిమురుతూ. "జిందగీల ఒక్కసారి కొంటే సాలు. మురికైతే కడుక్కొని మల్ల పెట్టుకునుడే."

"ఫారిన్‌ల ఏ ఊరు?" అన్నాను.

ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గోడ వైపు చూశాడు. అట్టపెట్టె తిప్పి చూస్తే ఊరి పేరు లేదు, దేశం పేరు అసలే లేదు. మంటల బొమ్మ మాత్రం ఉంది.

నేను ఆ ఎర్రటోపీని తీసుకుని దుకాణం బయట ఎండలోకి పోయి ఎత్తిపట్టాను. సూది గుచ్చినట్టు సన్నటి వెలుగుచుక్కలు కనిపించాయి, ఒకటి కాదు, గుంపులు గుంపులు. పొడి జల్లించే జల్లెడలో ఇంత వెలుగు కనిపిస్తే నేను దాన్ని బియ్యానికి వాడేదాన్ని. స్పాంజిది వేలితో నొక్కితే పొట్టులా రాలింది. కాగితందాన్ని ఎత్తిపడితే ఎండ దాని వెనక మసగ్గా ఉండిపోయింది, చుక్క కూడా ఇవతలికి రాలేదు.

నేను వెనక్కి తిరిగేసరికి దుకాణదారు ఆ మెరిసే గొట్టాన్ని బయట నిలబెట్టిన ఎవరి కారుకో తగిలించి రేస్ చేసి వినిపిస్తున్నాడు. బుస్సుమని పెద్ద చప్పుడు, దానిమీద సన్నగా ఈల. పక్క దుకాణాలవాళ్లు కూడా తొంగిచూశారు. మా ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు, భజనలో కూర్చున్నట్టు.

"మా బండికి గూడ గింతే అవాజ్ వస్తదా?" అని అడిగాడు.

"ఇంతకన్న ఎక్కువే వస్తదన్నా."

"దూరంకెల్లి వినవడ్తదా?"

"గల్లీ తిరగంగనే ఇంట్ల తెలుస్తది."

"ఎన్నేండ్లు వస్తది?" అని నేనడిగాను. దుకాణదారు నాకు జవాబు చెబుతూ ఉంటే మా ఆయన వినడం కూడా లేదు. మళ్లీ అవాజ్ గురించే అడుగుతున్నాడు. చప్పుడుకు డబ్బులు పెట్టే మనిషి కాడు ఆయన. హారన్ కూడా పొదుపుగా కొడతాడు.

నేనెంత మొత్తుకున్నా మెరిసేదే తీసుకున్నాడు. నచ్చకపోతే వాపసు తెమ్మని దుకాణదారు అన్నాడు గనక నేనూ కొంత తగ్గాను. మిస్త్రి బిగించాడు. ఏమీ మాట్లాడకుండా బిగించాడు, అది నాకు నచ్చలేదు. ఎప్పుడూ బోల్టు బోల్టుకూ ఒక కథ చెప్పే మనిషి.

మరునాడు బోధన్‌కు కిరాయి ఉంటే నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. బండి బలం పెరిగిందా అంటే ఏమో, నాకు చెవుల్లోనే పెరిగింది. రోడ్డంతా చెరుకు ట్రాక్టర్లు. ముందు పోయే ట్రాక్టరు వెనక నల్లరేగడి దుమ్ము, పక్కన తోటల్లో ఆకు కాలుస్తుంటే గాల్లో నల్లటి నుసి. అదంతా మా కారు బుస్సుమని పీల్చుకుంటోంది. బోధన్‌లో కిరాయివాళ్లు దిగాక స్టాండులో డ్రైవర్లు చుట్టూ చేరారు. మరాఠీవాళ్లు కూడా ఇద్దరు వచ్చి బానెట్‌లోకి తలలు పెట్టారు. మా ఆయన రేస్ చేస్తూ "అవాజ్ ఎట్లుంది?" అని ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాడు.

అక్కడొక ట్రాక్టరు డ్రైవర్ తన బండికి ఉన్న ఇనుపగిన్నె విప్పుతున్నాడు. అందులో నూనె పోస్తారట, వచ్చే గాలి ఆ నూనె మీదినుంచి పోతే దుమ్ము నూనెలో పడిపోతుందట. గిన్నె అడుగున నల్లటి బురద చెంచాతో తీయొచ్చు, అంత ఉంది. "గిదంత ఇంజన్లకు పోకుండ ఆగిందక్కా" అన్నాడాయన.

నేను ఆ బురదను చూస్తూ నిలబడ్డాను. ఆయన గిన్నెలో ఆగింది కనిపిస్తోంది. మరి మా టోపీలోంచి జారింది ఎక్కడ కనిపిస్తుంది?

దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. పసుపు పనిలో ఉన్నదాన్ని, నాకు పసుపు తప్ప ఇంకేం తడుతుంది? అప్పుడు పసుపు సీజన్. మేం కొమ్ములు కొనే సేటు దగ్గర పసుపును మెరుగుపట్టే పెద్ద డ్రమ్ము ఉండేది. ఎండిన కొమ్ములు అందులో పోసి తిప్పితే ఒకదానికొకటి రాసుకుని పొట్టు పోయి నున్నగా తేలతాయి. ఆ డ్రమ్ము తిరుగుతుంటే అక్కడంతా పసుపు మబ్బే. పక్కన నిలబడ్డవాళ్ల కనురెప్పలు కూడా పచ్చగా అయిపోతాయి. దాని పక్కనుంచి ఇంటికొచ్చిన రోజు నేను తుమ్మితే కూడా పసుపే.

మిస్త్రి దగ్గరికి పోయి, గొట్టం విప్పించి, ఎర్రటోపీ దాటాక వచ్చే లోపలి గోడకు పలచగా వాజలైన్ పూయించాను. "ఏంది వదినా, పెండ్లికూతురా ఏంది" అన్నాడు గానీ పూశాడు. పసుపు బస్తాలు ఎక్కించుకోవాలని చెప్పి మా ఆయనతో కారును డ్రమ్ము పక్కన పెట్టించాను. ఇంజన్ ఆపొద్దన్నాను, బ్యాటరీ నీరసంగా ఉందని నువ్వే అన్నావు కదా అన్నాను. బస్తాలు ఎక్కించేదాకా కారు ఆ పసుపు మబ్బులో నిలబడి పీల్చుకుంటూనే ఉంది. తిన్నగా షెడ్డుకు తీసుకుపోయి గొట్టం విప్పించి, లోపల వేలు పెట్టి తీశాను.

వేలు పచ్చగా వచ్చింది. పేరంటంలో కాళ్లకు రాసే పసుపంత పచ్చగా.

మర్నాడు దుకాణంలో చూసిన కాగితం ఫిల్టరే కొని, పాత నల్లడబ్బాలో పెట్టించి అదే పని చేయించాను. వేలికి వాజలైన్ తప్ప ఏమీ అంటలేదు.

"చూసినవా, మూసుకున్న కండ్లు తెరిచి చూడు" అని మా ఆయన ముందు రెండు వేళ్లూ పెట్టాను. దుకాణంవాడి మీద మండిపడతాడనుకున్నాను. కనీసం సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన నా పచ్చవేలును చూసి, తల పక్కకు తిప్పుకుని, "సరే తియ్. కొన్ని దినాలే గద" అన్నాడు.

"ఏంది కొన్ని దినాలు?"

"ఏం లేదు."

ఏం లేదట. తనకు బువ్వ పెట్టే ఇంజన్లోకి దుమ్ము పోతోందని కళ్లారా చూసిన డ్రైవర్ కొన్ని దినాలే కదా అంటాడా? నా గొడవ పడలేక కాగితం ఫిల్టర్‌తోనే నడుపుతానని ఒప్పుకున్నాడు. మెరిసే గొట్టాన్ని మాత్రం దుకాణానికి వాపసు ఇవ్వలేదు. పాత దుప్పటిలో చుట్టి డిక్కీలో దాచాడు.

ఆయన బయటికి పోయాక గడప మీద కూర్చుని ఒక్కొక్కటీ జోడించుకున్నాను. అవాజ్ అడిగాడు. దూరం నుంచి వినపడుతుందా అని అడిగాడు. ఎన్నేళ్లు వస్తుందని ఒక్కసారి కూడా అడగలేదు. చెప్పుల జత కొన్నా అడిగే మాట అది. ఆ మాట అడగలేదంటే ఆ ఏళ్లతో తనకు పని లేదన్నమాట.

మళ్లీ షెడ్డుకు పోయాను. ఈసారి పసుపుపొడి తీసుకుపోలేదు.

"మిస్త్రన్నా, ఆయన కారు అమ్ముతుండా?"

ఆయన పానా కింద పెట్టి మళ్లీ తీసుకున్నాడు. "గది మీ ఆలుమగల ముచ్చట వదినా. నన్నెందుకు నడుమ పెడ్తవు?"

"లేదని చెప్పు, పోత."

లేదని చెప్పలేదు. కొంచెంసేపటికి, "అమ్మే బండికి అవాజే గదా కావాలె" అన్నాడు. "కొనేటోనికి లోపలేముందో కనవడది. చప్పుడు వినవడ్తది. ఎవరో బోధన్ దిక్కు క్యాంపు ఆయన చూస్తనన్నడట. నేను వద్దనే అన్న. వినలే."

షెడ్డు ముందు వేసిన పాత టైరు మీద కూర్చున్నాను. కోపం తర్వాత వచ్చింది. ముందు భయం వచ్చింది, చిన్నప్పుడు టేప్‌రికార్డర్ వెనక్కి తిప్పితే వచ్చే కిచకిచ గుర్తొచ్చి భయం వచ్చింది. నా బిడ్డ అప్పటికి తండ్రి మెడ పట్టుకుని తప్ప నిద్రపోయేది కాదు.

ఇంటికొచ్చి ఆయన్ను అడగలేదు. అడిగితే లేదంటాడు, ఒట్టు వేస్తాడు, నేను నమ్మాలి. కుప్ప పైన చూసి సరుకు కొనే అలవాటు నాకు లేదు కదా. అడుగుదాకా చెయ్యి పెట్టాలంటే కొనేవాడు రావాలి. ఎదురుచూశాను.

ఒక పొద్దున మా ఆయన కారు కడుగుతున్నాడు. చాయ్ ఇద్దామని పోతే బానెట్ కింద మెరుస్తోంది. నల్లడబ్బా పోయి, అల్యూమినియం గొట్టం ఎక్కి కూర్చుంది. ఇవాళేనని అర్థమైంది.

కాసేపటికి బోధన్ వైపు క్యాంపు నుంచి ఒక రైతు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకునేవాళ్లలో ఒకాయన, యాభై దాటినాయన, తెల్లపంచె, తెల్లచొక్కా. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. "మా అమ్మకి ఒంట్లో బాగుండటం లేదమ్మా. మాటిమాటికీ నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకురావాలి. బస్సుల్లో పడలేకపోతోంది. అందుకని ఓ బండి చూసుకుందామని" అన్నాడు. మా ఆయన నన్ను లోపలికి పొమ్మని కళ్లతో సైగ చేశాడు. నేను పోలేదు.

మా ఆయన స్టార్ట్ చేసి రేస్ చేశాడు. బుస్సుమంది, ఈల వేసింది. ఆ పెద్దాయన మొహం విప్పారింది. "భలే పవర్‌గా ఉందండీ, ఇంజన్ కొత్తదానిలా ఉంది" అన్నాడు. మా ఆయన ఇంజన్ ఆపి, వెనక టైర్లు చూపించడానికి తీసుకుపోయాడు. నేను చాయ్ పళ్లెం బానెట్ పక్కన పెట్టి, కొంగున దోపుకున్న స్క్రూడ్రైవర్ తీసి, గొట్టం మీది పట్టీ వదులు చేశాను. మిస్త్రి విప్పుతుంటే ఎన్నిసార్లు చూడలేదు?

వాళ్లు తిరిగొచ్చారు. చాయ్ అందించి, "అన్నా, చాయ్ తాగుకుంట ఒకటి చూడుర్రి" అని గొట్టం పక్కకు లాగాను. ఆనాటి వాజలైన్, దానికంటిన పసుపు ఇంకా అట్లాగే ఉన్నాయి, వేలు లోపల పెట్టి తీసి, సాసరు అంచుకు రాశాను. తెల్ల సాసరు మీద పచ్చటి గీత పడింది.

ఆయన పసుపు పండించే రైతు. చూడగానే పట్టేశాడు. వాసన కూడా చూశాడు. "ఇది పసుపేనమ్మా. ఇంజన్లోకి ఎలా వచ్చింది?"

"ఎట్లొచ్చిందంటే, ఈ ఎర్రటోపీ ఆపలేదు కాబట్టి వచ్చింది. పసుపు గనుక మీకు కనవడ్తుంది. బోధన్ రోడ్డు దుమ్ము అయితే ఈ రంగు ఉండదు. బండి మంచిదే అన్నా, నేను అబద్ధం చెప్పను. మా ఆయన మొన్న పెట్టిచ్చిన ముక్కే మంచిది కాదు."

పెద్దాయన చాయ్ నిదానంగా పూర్తిగా తాగాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేను మళ్లీ కబురు చేస్తానండీ" అన్నాడు మా ఆయనతో. కబురు రాదని ముగ్గురికీ తెలుసు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం నిలబడ్డాం. తర్వాత మా ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కారు తలుపు తెరిచి సీట్లో కూర్చున్నాడు, కాళ్లు బయటే ఉన్నాయి.

"నా పరువు తీసినవ్" అన్నాడు.

"అమ్ముతనని నాకు చెప్పినవా? సల్లగాలి అన్నవ్. నేను ఎండల నిలవడి జల్లెడలు చూసుకుంట తిరిగిన."

"చెప్తే పోనిస్తువా?"

"పోనియ్య."

"కిరాయిలు లేవే. షుగర్ ఫ్యాక్టరీ నడుస్తదో లేదో ఎవరికీ తెల్వదు. నా జోడుగాళ్లంత దుబాయ్ పోయిండ్రు. స్టాండ్ల ఒక్కన్నే కూసుంటున్న. ఎవరన్న సెలవు మీద వస్తే నా దిక్కు చూసి నవ్వుతుండ్రు."

అప్పుడు నాకు ఆయన మీద మొదటిసారి జాలి వేసింది. కోపం పోలేదు, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. "నవ్వనీ" అన్నాను. "వాళ్ల పిల్లలు వాళ్లను చూసి దాసుకుంటరు. నేను దాసుకున్న. నా బాపు చెయ్యి చాపిండు, నేను పోలే. ఆయన చెయ్యి అట్లనే ఉండె. గది నాకు ఇప్పటిదాక కండ్లల్ల ఉంటది. నీ చెయ్యి అట్ల చూడలేను. భయమైతుంది, అంతే."

ఆయన సీట్లోంచి లేచాడు. తాళంచెవి జేబులో వేసుకుని స్టాండుకు నడిచిపోయాడు, కారు వదిలేసి.

కొన్నాళ్లు మా ఇంట్లో పిల్లే మాట్లాడింది. వాళ్ల నాన్నకు నా మాట, నాకు ఆయన మాట మోసింది. పాస్‌పోర్టు ఇంట్లోనే ఉందా అని ఒకసారి, కళ్లారా చూశాక కూడా నమ్మకం కుదరక ఇంకోసారి, రెండుసార్లు వెతికాను. ఆయన వీసా ఏజెంటు దగ్గరికి పోతున్నాడేమోనని వాడలో ఇద్దర్ని అడిగాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను ఆయన నీడను కూడా నమ్మలేదు.

ఒక పొద్దున వాకిట్లో ఇనుము చప్పుడైతే బయటికి వచ్చాను. బానెట్ ఎత్తి ఉంది. మెరిసే గొట్టం నేల మీద పడి ఉంది. మా ఆయన పాత నల్లడబ్బాను తడిగుడ్డతో తుడిచి, ఊది, లోపల కాగితం ఫిల్టర్‌ను పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెడుతున్నాడు. నేను వచ్చానని తెలిసినా తల ఎత్తలేదు.

"ఇది ఎన్నేండ్లు వస్తది?" అన్నాడు.

నేను దగ్గరికి పోయి, "మన దుమ్ముకు ఏండ్లు రాదు" అన్నాను. "వచ్చే పసుపు సీజన్ దాక వస్తదని మిస్త్రన్న చెప్పిండు. అప్పుడు మార్చాలె."

"అయితే రెండు తెస్త తియ్."

సాయంత్రం నిజంగానే రెండు ఫిల్టర్లు తెచ్చి గడప మీద పెట్టాడు. మా ఆయన కాళ్లు కడుక్కుంటుంటే నేను రెండు డబ్బాలూ విప్పి, దిగిపోతున్న ఎండకు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తిపట్టి చూశాను. చుక్క వెలుగు కూడా రాలేదు. రెండోదాన్ని, ఆ పై సీజన్‌కు పెట్టుకునేదాన్ని, మాత్రం చాలాసేపు పట్టుకుని ఉన్నాను.